ఏలినవారి తెరకు నాలుగు కుట్లు

తేదీ ఖాయమైందన్న కబురు వచ్చిన రోజు అకోయా వంటింటి అరుగు మీద కూర్చుని ముల్లంగి తరుగుతోంది. కబురు మోసుకొచ్చింది నేనే. పరుగెత్తుకొచ్చిన ఆయాసానికి మాట పెగలక, గుంజ పట్టుకుని వగరుస్తూ, "మూడో నెల ఇరవై రెండు!" అని మాత్రం అనగలిగాను.

అకోయా కత్తి కింద పెట్టి నా మొహంలోకి చూసింది.

"ఏ ఏడు?" అంది.

"ఈ ఏడేనే, పిచ్చిమొహమా! ఇంక పదిహేడు రోజులే!"

అంతే. నలభై మూడేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులని రోజూ నా చేత నూనె రాయించుకునే మనిషి, చేతిలో ముల్లంగి ముక్కతో పెరడంతా మూడు చుట్లు పరుగెత్తింది. బావి దగ్గర నీళ్ళు తోడుతున్నవాళ్ళు బాల్చీలు వదిలేసి నోరెళ్ళబెట్టి చూశారు. నాకూ ఆగలేదు, నేనూ వెనకాలే పరుగెత్తాను. ఇప్పుడు నాకు డెబ్బై దాటింది, అకోయా పోయి ఆరేళ్ళయింది. అయినా ఆ ముల్లంగి ముక్క తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఆ సంబరం ఎందుకో తెలియాలంటే ముందు మా ఏలినవారి సంగతి చెప్పాలి. బతికుండగా వారి పేరు ఎవరూ పలకరు. పోయాక పెట్టిన పేరు నా నోటికి ఇంకా అలవాటు కాలేదు. కాబట్టి ఏలినవారనే అంటాను.

తండ్రిగారు పోయిన రోజు రాజ్యపు కత్తినీ మణినీ తెచ్చి వీరి గదిలో పెట్టారు. దాంతో దేశానికి చక్రవర్తి అయిపోయారు. అప్పటికి వారి వయసు ముప్పై ఏడు. కానీ ఎత్తు గద్దె మీద కూర్చుని, అందరికీ ముఖం చూపించి, ధూపం వేసి ఆకాశానికి కబురు పంపే పట్టాభిషేకం ఒకటుందే, అది మాత్రం జరగలేదు. ఇదిగో అంటే అదిగో అన్నారు. ఒక ఏడు యుద్ధం. ఒక ఏడు జ్వరాలు. ఒక ఏడు అంతా సిద్ధం చేశాక మండపమే కాలిపోయింది. తర్వాత కొన్నేళ్ళు కత్తులు పట్టిన దొరలు ఒకరి మీద ఒకరు పడి కొట్టుకోవడంలో, ఇక్కడ ఒక చక్రవర్తి ఉన్నారన్న సంగతే మరిచిపోయారు. అలా పంతొమ్మిదేళ్ళు గడిచాయి. చూసి చూసి మా కళ్ళు కాయలు కాశాయి.

లోపల మా బతుకు కూడా అంతంత మాత్రమే. దక్షిణపు గోడ వానకి కూలి మనిషి పట్టేంత సందు పడింది. ఊరి పిల్లలు అందులోంచి దూరి మా పెరట్లో దొంగాట ఆడుకునేవాళ్ళు. కప్పు కారే చోటల్లా బాల్చీ పెట్టుకునేవాళ్ళం. ఏలినవారు మాత్రం ఆ కారే కప్పు కిందే కూర్చుని పొద్దస్తమానం రాసుకునేవారు. జ్వరాల ఏడాది ఒంటిపూట గంజి తాగుతూ, పోయినవాళ్ళ కోసం బుద్ధుడి సూత్రాలు తన చేత్తో రాసి గుళ్ళకి పంపారు. దొరలు ఆయన మాట వినేవాళ్ళు కాదు, ఆయన గొంతు పెంచేవారు కాదు. నాకైతే ఒళ్ళు మండిపోయేది. ఆయన స్థానంలో నేనుంటే నాలుగు కుండలైనా పగలగొట్టేదాన్ని.

ఇక అకోయా సంగతి. ఆమెది కుట్టుపని, వాళ్ళమ్మదీ కుట్టుపనే. పన్నెండేళ్ళ వయసులో అమ్మ కొంగు పట్టుకుని రాజభవనంలోకి వచ్చింది. నేను వచ్చింది ఈ ఏలినవారి మొదటి రోజున. ఇద్దరికీ ఒకే గది ఇచ్చారు. ఆ రోజు నుంచీ ఆమె సూది కింద పడితే వెతికింది నేను, నా గురక భరించింది ఆమె.

పట్టాభిషేకంలో ఆమె చెయ్యాల్సిన పని ఒకటుంది. గద్దె చుట్టూ బరువైన తెరలుంటాయి. ఏలినవారు లోపలికెళ్ళి కూర్చునేటప్పుడు ఎవరి కంటా పడకుండా పెద్ద విసనకర్రలు అడ్డం పట్టుకుని మేం పద్దెనిమిది మందిమి నిలబడతాం. రాజవంశపు ఆడపడుచులు ఇద్దరొచ్చి చెరో పక్కా తెర ఎత్తి పట్టుకుంటారు. అప్పుడు కుట్టుపని మనిషి సూదీ దారంతో వచ్చి, ఎత్తిన తెర జారకుండా పక్కకి రెండు చొప్పున నాలుగు కుట్లు వేసి, వెనక్కి తగ్గుతుంది. ఆ తర్వాత గంట మోగుతుంది, విసనకర్రలు తొలుగుతాయి, ఏలినవారి ముఖం లోకానికి కనిపిస్తుంది. ఆ నాలుగు కుట్లకి పట్టేది ఒక మోచి పిండిముద్ద నమిలి మింగేటంత సేపు. పాత ఏలికగారి పట్టాభిషేకానికి ఆ పని చేసింది అకోయా వాళ్ళమ్మ. ఈసారి అకోయా చెయ్యాలి.

దానికోసం పెళ్ళి కూడా మానుకుంది మహాతల్లి. పెళ్ళయితే కొలువు వదలాలి మరి. నదికి అవతల ఉండే రంగులద్దేవాడు ఒకడు వచ్చి అడిగాడు. మంచివాడు, చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ నీలంగా ఉండేవి. "పట్టాభిషేకం కానివ్వండి" అందట. పాపం నాలుగేళ్ళు ఆగి ఇంకెవరినో చేసుకున్నాడు. ఇప్పుడు వాడికి మనవలు.

"నాలుగు కుట్ల కోసం మొగుణ్ణి వదులుకున్నదాన్ని నిన్నే చూశానే" అనేదాన్ని నేను.

"నీకెవడూ రాలేదని నీ కుళ్ళు" అనేది.

ఒక వాన మధ్యాహ్నం, ఇద్దరం బొగ్గుల కుంపటి మీద చేతులు కాచుకుంటుంటే, అసలు సంగతి బయటపెట్టింది.

"మా అమ్మ అంత దగ్గరికెళ్ళి కూడా పాత ఏలికగారి మొహం చూడలేదే, ఇచా. కళ్ళన్నీ కుట్ల మీదే. చచ్చిపోయే ముందు కూడా అదే అంది, ఒక్కసారి తలెత్తుంటే బాగుండేది అని. నేను మాత్రం చూస్తాను. నాలుగో కుట్టు అయ్యాక ఒక్కసారి కళ్ళెత్తుతాను."

"చూస్తే కళ్ళు పోతాయంటారు."

"పోతే పోనీ. ఇన్నేళ్ళుగా ఈయన బట్టలు బాగుచేస్తున్నాను. ముందు కుడి మోచెయ్యి చిరుగుతుంది, రాస్తారు కాబట్టి. తర్వాత మోకాళ్ళు, దణ్ణాలు పెడతారు కాబట్టి. లేచేటప్పుడు ఎడమ కాలి మీద బరువు పెడతారు. ఇంత తెలిసిన మనిషి మొహం తెలియకుండా చచ్చిపోమంటావా?"

నేను నవ్వేశాను గానీ ఆ మాట నాలో ఉండిపోయింది.

పట్టాభిషేకపు ఎర్రటి అంగీ కూడా వాళ్ళ చేతి పనే. ఏలినవారు గద్దెకి వచ్చిన ఏడే తల్లీకూతుళ్ళు కలిసి కుట్టారు. సూర్యుడు, చంద్రుడు, డ్రాగన్లు, ఒకటేమిటి! ఆ చలికాలంలోనే తల్లి పోయింది. అంగీ పెట్టెలోకి వెళ్ళింది. చిమ్మటపురుగు కొట్టకుండా ప్రతి వేసవిలో దాన్ని బయటికి తీసి నీడపట్టున ఆరేసేది అకోయా. పదకొండో ఏడు అలా ఆరేస్తుంటే, ఎదురుగా వెదురు చిక్ తెర వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఇంకా చిమ్మట పట్టలేదా?"

ఏలినవారి గొంతు! నేను పక్కనే ఉన్నాను. అకోయా నేల మీద సాగిలపడింది. మాలాంటివాళ్ళు ఏలినవారికి నేరుగా జవాబు చెప్పకూడదు, మా అందరికీ పెద్దయిన ఇయో అమ్మగారి ద్వారానే చెప్పాలి. ఇయో అమ్మగారు ఆ పూట పడకేశారు. కాబట్టి జవాబు లేకుండానే ఆ గొంతు లోపలికి వెళ్ళిపోయింది. వారం రోజులు అకోయా తిండి సరిగ్గా తినలేదు. "పట్టలేదండీ అని ఒక్క ముక్క చెప్పలేకపోయానే" అని ఒకటే గొడవ.

సరే, తేదీ దగ్గర పడింది. ఇంక చూడండి హడావిడి! మండపానికి కొత్త చాపలు పరిచారు. జెండాలు కట్టారు. కాటికాపరి మొహాల దొరలు కూడా నవ్వుతూ తిరిగారు. అకోయా ఏడు రోజులు మడి కట్టింది. వేరే నిప్పు మీద వండుకున్న అన్నమే తినడం, తెల్లవారగానే చన్నీళ్ళు పోసుకోవడం, ఎవరినీ తాకకపోవడం. నన్ను కూడా దూరం పెట్టింది. "నీ నీడ నా మీద పడుతోంది, జరుగు" అనేది. దానికి తోడు తల్లి సూదిని కాగితంలో చుట్టి పూజలో పెట్టింది.

ఒక్క పాత అలవాటు మాత్రం మానలేదు. గోడ సందులోంచి ఒక గోధుమరంగు వీధికుక్క వచ్చేది. దాని పేరు కురి అని పెట్టుకుంది. తన గంజిలో సగం దానికే. ఆరో రోజు దాని పొట్ట చూసి నేను అన్నాను, "ఒసేయ్, అది నిండు చూలుతో ఉందే! దాన్ని ఇంక రానివ్వకు" అని. "బయట పెట్టి వచ్చేస్తున్నానులే, లోపలికి రాదు" అంది. నాకప్పుడే రెండు తన్నాలనిపించింది.

ఇరవై ఒకటో తేదీ. పొద్దు బాగా ఎక్కింది. తెల్లారితే పట్టాభిషేకం. కాపలా ముసలాయన హికోజి రొప్పుతూ వచ్చాడు.

"అమ్మాయిలూ! కొంప మునిగింది! మండపం కింద కుక్క దూరింది. గొయ్యి తవ్వుతోంది!"

రాజభవనంలో కుక్క ఈనితే మూడు రోజుల మైల. మైలలో పట్టాభిషేకం జరగదు. జ్యోతిష్కులు మళ్ళీ మంచిరోజు వెతకాలి, దొరలు మళ్ళీ ఒక మాట మీదికి రావాలి. ఈసారి తప్పితే ఇంకెప్పుడు? ఏలినవారికి అప్పటికే యాభై ఆరు.

ఇయో అమ్మగారు జుట్టు కూడా ముడుచుకోకుండా గాభరాగా వచ్చారు.

"చూస్తారేంట్రా! కర్ర తీసుకుని తోలండి!"

"తోలొచ్చు అమ్మగారూ" అన్నాడు హికోజి, "కానీ దెబ్బ తగిలి చచ్చిందంటే అయిదు రోజుల మైల. ఈనితే మూడే."

"నోరు ముయ్యి! అసలు దీన్ని మేపి అలవాటు చేసింది ఎవరు?"

అకోయా తెల్లటి మడిబట్టల్లో, తడిజుట్టుతో, మెట్ల దగ్గర నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేనేనండి" అంది.

మండపం నేల కింద నుంచి మూలుగు వినిపించింది. అకోయా చొక్కా చేతులు పైకి మడిచి కట్టుకోవడం చూసి నాకు అర్థమైపోయింది.

"ఒసేయ్ వద్దే! అది నీ ఒళ్ళో ఈనిందంటే మైల నీకు తగులుతుంది. రేపు నువ్వు గడప కూడా తొక్కలేవు. ఎవరినైనా పంపిద్దాం!"

"ఎవరెళ్ళినా కరుస్తుంది. అది నా మాటే వింటుందే."

"పంతొమ్మిదేళ్ళు, అకోయా! పంతొమ్మిదేళ్ళు కూర్చున్నావే దీనికోసం!"

ఆమె ఒక్క క్షణం ఆగింది. నిజం చెబుతున్నాను, ఆగింది. మండపం మీద కొత్తగా వేలాడదీసిన తెరల వైపు చూసింది.

"ఆయన కూడా పంతొమ్మిదేళ్ళు కూర్చున్నారు కదే" అని, పొట్ట మీద పాక్కుంటూ నేల కిందికి దూరింది.

లోపల చీకటి. "కురీ, కురీ తల్లీ, రావే" అని బుజ్జగింపు వినిపిస్తోంది. మధ్యలో గుర్రుమన్న చప్పుడు. నేను బయట గోళ్ళు కొరుక్కుంటున్నాను. హికోజి తెలిసిన దేవుళ్ళ పేర్లన్నీ చదువుతున్నాడు. కాసేపటికి మట్టి కొట్టుకున్న తల, దాని వెనక కుక్క బయటికొచ్చాయి. అబ్బ, ఆ కుక్క ఎంత బరువో! అకోయా దాన్ని రెండు చేతులా ఎత్తుకుని లేచింది. ఏ మోకాళ్ళకైతే నేను నూనె రాసేదాన్నో ఆ మోకాళ్ళతోనే పరుగు!

తెల్లటి గులకరాళ్ళ వాకిలి పొడుగునా పరుగెత్తింది. నేను తాకకుండా పక్కనే పరుగెత్తాను. హికోజీ, ఇయో అమ్మగారూ కూడా పరుగెత్తారు. ఆవిడ పరుగెత్తడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"ఆగవే తల్లీ, ఇంకో ఇరవై అడుగులే!" అని కుక్కని బతిమాలుతోంది అకోయా. "ఇంకో పది! కాస్త బిగబట్టవే!"

"అది బిగబడితే ఆగుతుందేంటే! నువ్వు పరుగెత్తు!" అని నేను.

గోడ సందు దగ్గర ఆమె చొక్కా చెయ్యి విరిగిన పెంకుకి తగులుకుంది. లాగింది, రాలేదు. ఇంకోసారి లాగింది, పర్రున చిరిగింది. ఆ ఊపుకి కుక్కతో సహా బయటి వీధిలో వెల్లకిలా పడింది. పడ్డమే తరువాయి, మొదటి కూన ఆమె ఒళ్ళోకి జారింది.

మేం ముగ్గురం గోడకి ఇవతలే బొమ్మల్లా నిలబడిపోయాం.

"లోపలా, బయటా?" అన్నారు ఇయో అమ్మగారు.

"బయటేనండీ! అడుగున్నర బయట!" అన్నాను.

"నువ్వు చెప్పు, హికోజీ."

"నాకు ఒక్క కన్నే కనిపిస్తుంది అమ్మగారూ. ఆ కంటికి బయటే కనిపించింది."

ఇయో అమ్మగారు కళ్ళు మూసుకుని నెమ్మదిగా ఊపిరి వదిలారు. పట్టాభిషేకం దక్కింది! నేను గంతులేశాను. వీధిలో మూగిన జనం ఎందుకో తెలియకపోయినా చప్పట్లు కొట్టారు. అకోయా కూడా దుమ్ములో పడుకునే నవ్వింది. నవ్వుతూనే ఒళ్ళో తడితడిగా కదులుతున్న కూనని చూసి, మొహం పక్కకి తిప్పుకుని ఏడ్చింది. నా గంతులు ఆగిపోయాయి.

"మూడు రోజులు నువ్వు గోడ దాటి రాకూడదు" అన్నారు ఇయో అమ్మగారు. గొంతు ఎప్పుడూ లేనంత మెత్తగా ఉంది. తర్వాత నా వైపు తిరిగారు. "ఏలిక మొదటి రోజు నుంచీ కొలువులో ఉన్న మనిషే తెర కుట్టాలి. మీలో ఇంక ఉన్నది నువ్వే, ఇచా."

నేనా! నా కుట్టు సంగతి భవనమంతటికీ తెలుసు. నేను కుట్టిన మేజోడు చూసి ఇదేం చేపల సంచీ అని అడిగింది ఆవిడే.

ఆ మధ్యాహ్నమంతా పాఠం జరిగింది. అకోయా గోడకి అవతల, నేను ఇవతల. నిలబడి మాట్లాడుకుంటే మైల అంటదు, ఒకే చోట కూర్చుంటేనే అంటుంది. అందుకని ఇద్దరం కొంగల్లా నిలబడ్డాం. నా నడికట్టు విప్పి రేగుకొమ్మకి వేలాడదీసి దాన్నే తెర అనుకున్నాను.

"దారం పొడుగ్గా తీసుకో. ముడి వెయ్యకు! ముడి వేస్తే తర్వాత కత్తిరించాలి. గద్దె దగ్గర కత్తెర కనిపించకూడదు."

"ముడి లేకపోతే జారదా?"

"ఉచ్చు తిప్పాలే. ఇలా. నాలుగు కుట్లూ నిలబడాలి, పని అయ్యాక కొస పట్టి లాగితే నాలుగూ ఒక్కసారే రావాలి. మళ్ళీ చెయ్యి."

చేశాను. నడికట్టు జారి కింద పడింది.

"ఏలినవారి మొహం మీద పడింది తెర" అంది అకోయా. "మళ్ళీ."

మళ్ళీ చేశాను. ఈసారి లాగితే కొమ్మే విరిగింది.

"ఏలినవారి గద్దె కూలిపోయింది. మళ్ళీ!"

"నువ్వు తిట్టకుండా చెప్పలేవా?"

"నీకు తిట్టకుండా ఏదైనా ఎక్కిందా ఇప్పటిదాకా? ఎడమ వేలికి గంజి పూసి ఆరబెట్టుకో, సూది గుచ్చుకోదు. నెత్తురు చుక్క రాలిందంటే మళ్ళీ మొదటికొస్తాం. ఇంకో మాట. దారం తెరలో జరీకి పట్టుకుంటుంది. పట్టుకుంటే లాగకు. కాస్త వదులు చెయ్యి, అదే వస్తుంది."

అరవైసార్లు చేసి ఉంటాను. యాభై దాటాక నాలుగు కుట్లూ నిలబడ్డాయి, నాలుగూ ఒక్క లాగుకి వచ్చాయి. ఆమె అవతల చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం నా మీద నాకే కోపం వచ్చింది. అది ఆమె పని, నేను దొంగిలిస్తున్నట్టు ఉంది.

"కళ్ళెత్తి చూడవే" అంది చివర్న. "నాలుగో కుట్టు అయ్యాక. చూసొచ్చి నాకు చెప్పు."

ఇరవై రెండు. ఎండ ఎంత బాగా కాసిందో! సూర్యుడి జెండా, చంద్రుడి జెండా గాలికి ఎగురుతున్నాయి. దొరలంతా బారులు తీరి నిలబడ్డారు. గోడ సందు అవతల ఊరు ఊరంతా కిక్కిరిసి ఉంది. ఢంకా మోగింది. గులకరాళ్ళు కూడా అదిరాయి. విసనకర్రలు అడ్డం లేచాయి. వాటి వెనక మెత్తని అడుగుల చప్పుడు, ఎడమ కాలి మీద కాస్త బరువు. అకోయా చెప్పింది నిజమే!

తెర ఎత్తి పట్టారు. నేను మోకాళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళాను. చేతిలో అకోయా వాళ్ళమ్మ సూది. ఒక్క అడుగు దూరంలో ఎర్రటి అంగీ అంచు, డ్రాగన్ గోళ్ళు. మొదటి కుట్టు. రెండో కుట్టు. చెమట కళ్ళలోకి కారుతోంది. అటు పక్కకి వెళ్ళాను. మూడో కుట్టులో దారం జరీకి పట్టుకుంది. నా ప్రాణాలు పైకి పోయాయి. లాగబోయి ఆగాను. వదులు చేశాను. వచ్చింది! నాలుగో కుట్టు వేశాను, ఉచ్చు తిప్పాను. తెర నిలబడింది. కళ్ళెత్తాలన్న మాట నాకు గుర్తే లేదు. నుదురు నేలకి ఆనించి వెనక్కి వచ్చేశాను. గంట మూడుసార్లు మోగింది. విసనకర్రలు తొలిగాయి. ధూపం లేచింది. మండపంలో ఉన్న మేమంతా తలలు నేలకి ఆనించి ఉన్నాం. బయట గోడ దగ్గర మాత్రం జనం హోరున అరిచారు.

అంతా అయ్యాక కొస పట్టి లాగాను. నాలుగు కుట్లూ ఒక్కసారే వచ్చాయి.

నేను ఆ పట్టుబట్టల్లోనే గోడ సందుకి పరుగెత్తాను. అకోయా ఎవరిదో ఊరగాయ తొట్టి బోర్లించి దాని మీద నిలబడి ఉంది. చొక్కాలోంచి కుక్కకూన మూతి బయటికి పెట్టింది.

"కుట్లు నిలిచాయే! చూశావా?"

"చూశాను."

"కుట్లు కాదే! ఆయన్ని! ఇక్కడ్నుంచి కనిపించారా?"

"తిన్నగా ఎదురుగా" అంది. "కళ్ళేం పోలేదు."

"చెప్పవే మరి, చంపక!"

"ముసలాయనే ఇచా!" అంది. నవ్వుతోంది, కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి. "నేను ఇన్నాళ్ళూ ఎవరో కుర్రాడికి కుడుతున్నాననుకున్నాను. తల నెరిసిపోయింది. మెడ సన్నబడిపోయింది. ఆ అంగీ మెడ దగ్గర ఇంత వదులుగా ఉందే! ఎప్పటి కొలతలవి? ఎవరైనా చెప్పొద్దూ నాకు?"

"ఎవరు చెబుతారే, ఆయన్ని కొలిచేదెవరు?"

"నువ్వు దగ్గర్నుంచి చూశావు కదా. ఎలా ఉన్నారు?"

"నాకు సూది ఒక్కటే కనిపించిందే" అన్నాను.

"మా అమ్మలాగే" అంది. అని నా చెయ్యి పట్టుకోబోయి, మైల గుర్తొచ్చి ఆగిపోయింది.

నాలుగో రోజు స్నానం చేసి లోపలికి వచ్చింది. వస్తూనే ఇయో అమ్మగారి దగ్గర ఆ అంగీ అడిగి తీసుకుని, మెడ దగ్గర కుట్టు విప్పి రెండు వేళ్ళ వెడల్పు లోపలికి మడిచి కుట్టింది.

"ఇంక ఇది ఎవరూ తొడుక్కోరు కదే" అన్నాను. పట్టాభిషేకం బతుకులో ఒక్కసారే.

"తెలుసు" అని సూది నడుపుతూనే ఉంది.

ఆ వేసవిలో మామూలుగానే అంగీ బయటికి తీసి ఆరేసింది. నేనూ ఇయో అమ్మగారూ పక్కనే ఉన్నాం. మెడ కుట్టు సంగతి లోపల చెప్పింది ఆవిడే అయి ఉండాలి, ఎందుకంటే చిక్ వెనకనుంచి అంగీ తెమ్మని కబురొచ్చింది. పట్టుకెళ్ళి ఇచ్చారు. లోపల బట్టల గరగర వినిపించింది. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. తొడుక్కుంటున్నారు!

"ఇప్పుడు సరిపోయింది" అంది ఆ గొంతు.

ఇయో అమ్మగారు జవాబు చెప్పడానికి విసనకర్ర ఎత్తారు. ఆవిడ నోరు తెరిచేలోగా, నా పక్కన నేల మీద సాగిలపడి ఉన్న అకోయా, కొలువు మర్యాదలన్నీ గాలికొదిలేసి, ఎనిమిదేళ్ళుగా గొంతులో దాచుకున్న జవాబు గట్టిగా చెప్పేసింది.

"చిమ్మట పట్టలేదండీ!"